రేవు కబుర్లు: ఏడు గోదావరులు ఎక్కడున్నాయి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం గోదావరి మీదే. వరదల రోజులు కదా, సహజమే. లాకుల దగ్గర పుట్టి పెరిగి, ఆ నీటి శాఖలోనే ఉద్యోగం వెలగబెట్టిన వాణ్ని కనుక ఆ సగానికే జవాబులు రాస్తున్నాను. మిగిలినవారు ఓపిక పట్టాలి.

మా అమ్మమ్మ సప్తసాగర యాత్ర చేసిందట. గోదావరి ఏడు పాయలని చెప్పేది. మ్యాపులో చూస్తే గౌతమి, వశిష్ఠ, వైనతేయ మూడే కనిపిస్తున్నాయి. మిగతావన్నీ ఉత్త కథలేనా? (అమలాపురం నుంచి ఒక పాఠకురాలు)

కథలే అయితే మీ అమ్మమ్మగారు మునిగింది ఎక్కడమ్మా? ముందు పేర్లు చెప్పుకుందాం: తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భారద్వాజ, కౌశిక, వశిష్ఠ. సప్తర్షులు గోదావరిని తలా ఒక పాయగా సముద్రానికి తీసుకుపోయారని కథ. వీటిలో ఐదు పాయలకు ఋషుల పేర్లు సూటిగానే ఉన్నాయి. తుల్యభాగనూ వృద్ధగౌతమినీ కశ్యపుడికి, జమదగ్నికి ఎలాగో సర్దుతారు.

పుష్య మాసం చివర వచ్చే చొల్లంగి అమావాస్య నాడు, కాకినాడ పక్కనున్న చొల్లంగిలో యాత్ర మొదలవుతుంది. అక్కడ తుల్యభాగ సముద్రంలో కలుస్తుందని నమ్మకం. అక్కడినుంచి ఒక్కో సంగమంలో మునుగుతూ దక్షిణానికి దిగి, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరతారు. ఆ రోజు అక్కడ లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం కూడా. పిల్లలు కావాలని మొక్కుకుని వెళ్లేవారే ఎక్కువ.

మరి ఆ పాయలు ఏమయ్యాయంటారా? ఉన్నాయి, మీరు రోజూ దాటుతూనే ఉండవచ్చు. తుల్యభాగ ఇప్పుడు శాఖ కాగితాల్లో మురుగు కాలువ. ఋషి తెచ్చిన నదికి పూడిక తీయించాలని అంచనాలు వేసిన చేతులివి, అందుకే చెబుతున్నాను. ఆత్రేయ కోరింగ పక్కన మడ అడవుల్లోంచి పారుతుంది. కోరింగ ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ ఊరిని ముంచేసింది. ఇక్కడినుంచి ఓడెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలు అనేవారు. వృద్ధగౌతమిని చూడాలంటే కుండలేశ్వరం వెళ్లండి.

కౌశిక సంగతి మీ ఊరివాళ్లకు నేను చెప్పాలా? కనుమ నాడు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల రుద్రులు, అంటే ఆ ఊళ్ల శివుళ్లు, ప్రభలనే ఎత్తైన వెదురు చట్రాలెక్కి వచ్చి కలుస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు తోటకు చేరాలంటే ఎగువ కౌశికలో దిగాల్సిందే. రంగు గుడ్డలు, నెమలి ఈకలు కట్టిన అంతెత్తు ప్రభను భుజాల మీద పెట్టుకుని, ‘ఓం శరభ, అశ్శరభ’ అని అరుస్తూ మనుషులు నీళ్లలోకి దిగుతారు. ముందువాడు తడబడితే వెనకవాళ్లందరూ ఒరిగిపోవాల్సిందే. గట్టు మీద నిలబడ్డ జనం ఊపిరి బిగబట్టేది అక్కడే. మామూలు రోజుల్లో దాన్ని కాలువ అంటారు, ఆ ఒక్క పూట నది అంటారు.

డెల్టాలో పాయలు పూడిపోవడం, నది కొత్త దారి పట్టడం ఎప్పుడూ ఉన్నదే. ఆనకట్ట, ఏటిగట్లు వచ్చాక వరద నీరు పెద్ద పాయల్లోనే పోతోంది. చిన్నవాటికి పొలాల మురుగే మిగిలింది. నా మటుకు నేను యాత్ర జాబితాను నది పాత పటంగానే చదువుతాను. సర్వే గొలుసులు రాకముందు ఏ నీరు ఎటు పోయేదో పుణ్యం పేరు పెట్టి గుర్తుంచుకున్నారు.

ఇక వైనతేయ. మ్యాపులో అంత పెద్దగా కనిపించేది ఏడింటిలో లేదు! వశిష్ఠ నుంచి దొంగిలించి తెచ్చిన నీరు కనుక దానికి పుణ్యం లేదని కథ. వశిష్ఠ నుంచి చీలి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది కాబట్టి దొంగతనం ఆరోపణ భూగోళం ప్రకారం నిజమే.

గౌతముడి వల్ల చనిపోయిన ఆవు మా ఊళ్లోనే బతికిందని గోష్పాద క్షేత్రంలో చెబుతారు. నాసిక్ వెళితే అక్కడా అదే కథ. ఏది నిజం? (కొవ్వూరు నుంచి ఒక పాఠకుడు)

నాసిక్ దగ్గర, నది పుట్టే త్ర్యంబకంలో కుశావర్తం కోనేరు చూసే ఉంటారు. జారిపోతున్న గంగను గౌతముడు దర్భతో ఆపిన చోటని అక్కడివాళ్ల మాట. మీ ఊళ్లో ఆవు గిట్ట గుర్తు. నది 1,465 కిలోమీటర్ల పొడవుంటే కథ ఒక్కచోటే ఎందుకు ఆగుతుంది? పైవాళ్లకు పుట్టుక ఉంది, కిందివాళ్లకు ఆవు ఉంది. తగువు పెట్టుకోకండి.

భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తే, ధవళేశ్వరంలో 11.75 అడుగులకే ఎందుకిస్తారు? కింద నీళ్లు తక్కువా? (హైదరాబాదు)

తక్కువ కాదు. ఎక్కడి కొలత అక్కడిదే, రెండుచోట్లా సున్నా ఒకే మట్టంలో ఉండదు. పైగా భద్రాచలం దాటాక పాపికొండల మధ్య నదికి దారి ఇరుకు. నీరు పక్కకు పోలేక పైకి లేస్తుంది. ధవళేశ్వరం వచ్చేసరికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా బ్యారేజీ కట్టాల్సినంత వెడల్పు. అందుకే అక్కడ అంగుళం పెరిగిందన్నా మేము ఉలిక్కిపడేవాళ్లం. 11.75 అడుగులంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు. 13.75కు రెండో హెచ్చరిక, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. ఆ లెక్కను ఇప్పటికీ ఏ వరదా దాటలేదు, 2022 జూలైది 71.3 దగ్గర ఆగింది.

ఇక్కడ బంగ్లాదేశ్ వాళ్ల దుకాణంలో ఇలిష్ దొరుకుతోంది. దాన్ని పులస అనుకుని వండుకోవచ్చా? (డాలస్ నుంచి ఒక పాఠకురాలు)

చేప అదే. సముద్రంలో ఉన్నంతకాలం మనకు ఇలస. వరద ఎర్రనీరు సముద్రంలోకి దిగగానే గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదితే పులస. ధవళేశ్వరం దాకా వస్తుంది, ఆపైన బ్యారేజీ అడ్డం. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న మాట ఆ ఎదురీతకే. బెంగాలీలు పద్మానది ఇలిష్‌కు ఇంతే గొప్ప చెబుతారు, అదీ అలా ఏరెక్కిందే. కనుక అది పద్మది అయితే మీరు నష్టపోయింది పేరొక్కటే. ఇది రాజమండ్రిలో ఎవరికీ చెప్పకండి.

మట్టికుండ దొరక్కపోతే మందపాటి గిన్నె తీసుకోండి. చింతపండు పులుసు, బెండకాయలు, దించేముందు కాస్త వెన్న. సన్నని సెగ మీద ఉడకనివ్వండి, గరిటె పెట్టి తిప్పవద్దు. వండిన రోజు ముట్టుకోకుండా మర్నాడు తినండి. ముళ్లు మాత్రం నది మారినా తగ్గవు, పిల్లలకు మీరే తీసి పెట్టండి.