దేనితో పోలుస్తున్నావు?

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

క్వాంటమ్ కంప్యూటింగ్‌లో పీహెచ్‌డీ చేస్తానని నువ్వు పెట్టిన మెయిల్ అత్తయ్యకీ చదివి వినిపించాను. సంతోషం. "పారలల్ ప్రోగ్రామింగ్ పాతబడిపోయింది కదా మామయ్యా" అన్న చోట మాత్రం కాస్త చురుక్కుమంది. ఒకే లెక్కని చాలా ప్రాసెసర్లకి పంచి ఒకేసారి చేయించే ఆ విద్యే మరి ముప్పై ఏళ్లు మాకు అన్నం పెట్టింది.

1991లో పుణెలోని ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్లు పరమ్ 8000 సూపర్ కంప్యూటర్ తెచ్చినప్పుడు మాలాంటివాళ్లకి పండగే. ఆ ఊపులో నేనూ 16 ప్రాసెసర్ల మీద ఒక ప్రోగ్రాం నడిపి, 13 రెట్లు వేగం వచ్చిందని ఒక సెమినార్‌లో గొప్పగా చెప్పాను. వెనక వరసలోంచి ఒక పెద్దాయన "ఒక్క ప్రాసెసర్ మీద మంచి అల్గారిథమ్ రాస్తే ఎంతసేపు పడుతుంది బాబూ?" అన్నారు. నేను చూసుకోలేదు. నా ప్రోగ్రాంని నా ప్రోగ్రాంతోనే పోల్చుకున్నాను. తర్వాత కూర్చుని సరిగ్గా రాస్తే, ఒక్క ప్రాసెసరే దాదాపు అంత త్వరగా చేసేసింది. ఆ పూట అన్నం సహించలేదు.

నీ రంగంలో ఈ గొయ్యి ఇంకా లోతు. "నీకు ఈ సినిమా నచ్చుతుంది" అని చెప్పే లెక్కకి 2016లో కెరెనిడిస్, ప్రకాష్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక క్వాంటమ్ అల్గారిథమ్ ఇచ్చారు. అప్పటి మామూలు పద్ధతులు దాని దరిదాపుల్లో లేవు. మామూలు కంప్యూటర్‌తో అంత వేగం రాదని నిరూపించే పని, టెక్సస్‌లో ప్రొఫెసర్ స్కాట్ ఆరన్‌సన్ తన స్టూడెంట్ ఎవిన్ టాంగ్‌కి అప్పజెప్పారు. ఆ పిల్ల రాదని నిరూపించబోయి, వస్తుందని 2018లో చూపించింది. అప్పటికి ఆమెకి 18 ఏళ్లు! కాబట్టి ఎవరు ఎన్ని రెట్లు వేగం అన్నా, దేనితో పోల్చారో ముందు అడుగు. నీ పేపరైతే ఇంకా గట్టిగా అడుగు.

క్యూబిట్లు, అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లోని బిట్లు, అన్ని జవాబులూ ఒకేసారి చూసేస్తాయని న్యూస్‌పేపర్లలో రాస్తారు. కొలిస్తే చేతికొచ్చేది ఒక్కటే. గ్రోవర్ పద్ధతి అనే క్వాంటమ్ వెతుకులాటలో పది లక్షల్లో ఒకటి వెతకడానికి దాదాపు ఎనిమిది వందల అడుగులు పడతాయి. అది గొప్పే, కానీ మాయ కాదు. లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా ఉంటే ఈ తేడా నీకే తెలుస్తుంది.

ఇక ఆ "పాతబడిన" విద్య సంగతి. 30 క్యూబిట్లని మామూలు మెషీన్ మీద అనుకరించాలంటే 16 జీబీ మెమరీ కావాలి. ఒక్క క్యూబిట్ పెరిగితే అది రెట్టింపు. నలభై దగ్గరికి వచ్చేసరికి వందల మెషీన్లకి పంచక తప్పదు. అప్పుడు ఆ మెషీన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా ప్రోగ్రాం రాసే పద్ధతి, ఎంపీఐ, రావాలి తల్లీ, మామయ్య నోట్సు అటక మీదే ఉన్నాయి.

అమరావతి క్వాంటమ్ వ్యాలీ వార్తలు చూసి మీ నాన్న ఇప్పటినుంచే ఉద్యోగం లెక్కలు వేస్తున్నాడు. వెయ్యనీ.

సంక్రాంతికి వచ్చేటప్పుడు 20 క్యూబిట్ల సిమ్యులేటర్ ఒకటి నువ్వే రాసి తీసుకురా. లైబ్రరీలు వాడకూడదు.

మామయ్య