బరంపురం వదిలేద్దామంటే మావారు వినడం లేదు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు 36 ఏళ్ళు. పుట్టి పెరిగింది విశాఖపట్నం, గాజువాకలో. పెళ్ళయినప్పటి నుంచి, అంటే 12 ఏళ్ళుగా, ఒడిశాలోని బరంపురంలో ఉంటున్నాం. పెద్దబజారులో మావగారి కాలం నాటి దుకాణం ఉంది. అప్పడాలు, వడియాలు, పచ్చళ్ళు టోకుగా అమ్ముతారు. సొంత ఇల్లు. అత్తగారికి 72 ఏళ్ళు. పాప నాలుగో తరగతి. పెళ్ళికి ముందు మూడేళ్ళు ఒక ఆఫీసులో అకౌంట్స్ చూశాను, ఇక్కడికొచ్చాక మానేశాను.

విశాఖ వెళ్ళిపోదామని నేను, వద్దని ఆయన. "ఇక్కడ మనకేం తక్కువ? రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరిగారు పుట్టిన ఊరు ఇది" అంటారు. ఏడు నెలల కిందట నెల తప్పింది. ప్రెగ్నెన్సీ కిట్ కొందామని మా వీధి చివర మందుల షాపుకి వెళ్ళాను. ఆ షాపాయన మావగారి స్నేహితుడు. నేను ఇల్లు చేరేసరికే అత్తగారికి ఫోనొచ్చింది. రెండు రోజుల్లో వీధంతా తెలిసిపోయింది. ఎనిమిదో వారంలో కడుపు పోయింది. అప్పటి నుంచి కనిపించిన ప్రతివాళ్ళకీ నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. మావారు మాత్రం "పెద్దాయన, సంతోషం పట్టలేక చెప్పాడు" అన్నారు.

పాపకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అదో బెంగ. ఆర్నెల్లుగా మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. ఊరి మంచీ చెడ్డా ఒక కాగితం మీద రాసి తేల్చుకుందామని కూర్చున్నాం. మంచి కింద ఆయన మొదట రాసింది "అందరూ తెలిసినవాళ్ళే" అని. చెడ్డ కింద నేను మొదట రాసిందీ అదే. అక్కడే మళ్ళీ గొడవైంది. మాలో ఎవరిది తప్పు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ కాగితం దగ్గరికొచ్చి రెండుసార్లూ ఆగిపోయాను.

"అందరూ తెలిసినవాళ్ళే" అని ఆయన రాస్తున్నప్పుడు ఆయన కళ్ళముందు ఎవరున్నారో ఊహించగలను. దుకాణం తలుపులు తీసేవేళకి పలకరించేవాళ్ళు, ముందు సరుకు పంపి తరవాత డబ్బు తీసుకునే పాత వర్తకులు, నాన్నగారి పేరు చెప్పగానే కుర్చీ వేసేవాళ్ళు. అదే మాట మీరు రాసినప్పుడు మీ కళ్ళముందున్నది మందుల షాపాయన. ఊరు మీవారిని ఆయన పేరుతో ఎరుగును. మిమ్మల్ని ఫలానావారి కోడలిగానే ఎరుగును. పన్నెండేళ్ళలో మిమ్మల్ని మీ పేరు పెట్టి పిలిచే మనుషులు ఆ వీధిలో ఎంతమంది అయ్యారో ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. మీ ఇద్దరిలో తప్పెవరిదో తేల్చను. ఒకే ఊళ్ళో మీ ఇద్దరికీ దక్కిన చోటు సమానంగా లేదు, ఆ సంగతి ఆయనకి ఇంతవరకూ కనబడలేదు. నేను చెప్పదలచింది ఇదే.

2011 జనాభా లెక్కల్లో బరంపురం జనం మూడున్నర లక్షల పైచిలుకు. అంత జనంలో మీరెవరో తెలియని షాపు దొరకదా అని బయటివాళ్ళు అడుగుతారు. రెండు మూడు కిలోమీటర్లు ఆటోలో పోతే దొరుకుతుంది. తప్పేమీ చెయ్యని మనిషి, తెలిసినవాళ్ళ కళ్ళు తప్పించుకుని అంతదూరం పోవాల్సి రావడం ఎంత బరువో అనుభవించినవాళ్ళకే తెలుసు. నేనూ శ్రీకాకుళం నుంచి కోడలిగా ఈ ఊరే వచ్చాను. వచ్చిన కొత్తలో ఓ మధ్యాహ్నం ఎండకి తట్టుకోలేక గేట్ బజారులో బండి దగ్గర ఒక్కదాన్నే నిలబడి చెరుకురసం తాగాను. సాయంత్రం దీపం పెట్టేవేళకి మా అత్తగారు అడిగారు, "ఇంట్లో మంచినీళ్ళు లేవా అమ్మా?" అని. కోపంగా అనలేదు. అయినా ఆ తరవాత ఏడాది పాటు రోడ్డు మీద నేను గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు.

చెరుకురసం కబురు మోసుకొచ్చిన ఆవిడ మా ఎదురింటావిడే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది కదా, మన ఊరికి పట్టుమని పదిహేను కిలోమీటర్ల దూరంలో. తెల్లారేసరికి వీధిలో చెట్టన్నది నిలబడి లేదు. రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు ఆడక కుళాయిలో చుక్క రాలేదు. ఆవిడ తన పెరట్లో ఎప్పుడో మూసేసిన బావి మీద రేకు తీయించింది. అటక మీది పాత గిలక దింపి, చేంతాడు కట్టి, వీధిలో వాళ్ళందరినీ పిలిచింది. మావగారు అప్పటికే మంచం మీద ఉన్నారు. రోజూ పదకొండింటికల్లా ఆయనకి వేడి గంజి గిన్నెతో మా గుమ్మంలో ఉండేది. ఆరోజుల్లో నేనామెను చెరుకురసం గురించి క్షమించేశాననుకోకండి. రెండూ నిజమేనని ఒప్పుకున్నాను, అంతే. మనం ఎప్పుడు ఎక్కడున్నామో చూస్తూ ఉండే ఆ కళ్ళే, మనకి ఎప్పుడేం కావాలో కూడా ముందు కనిపెట్టాయి.

ఈ ఊరి గురించి నాతో మాట్లాడే మనుషులు రకరకాలు. ఉద్యోగమంతా హైదరాబాదులో చేసి రిటైరై తిరిగొచ్చిన దంపతులైతే ఇక్కడి నుంచి అడుగు కదపం అంటారు. పొద్దున్నే కూరలు నడిచి తెచ్చుకోవచ్చు, 1962 నాటి పెద్ద మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఊళ్ళోనే ఉంది, రైలెక్కితే నాలుగు గంటల పైచిలుకులో విశాఖ, అంతకన్నా తక్కువలో భువనేశ్వర్. సూరత్ మరమగ్గాల దగ్గర పనిచేసే గంజాం కుర్రవాళ్ళు సెలవుకొచ్చినప్పుడు చెప్పేది వేరు. ఉండాలనే ఉంది గానీ ఇక్కడ ఆ సంపాదన ఏదీ అంటారు. పెళ్ళికాని ఆడపిల్లలు అడిగేది ఒకటే, ఎవరి కూతురో చెప్పకుండా ఒక పూట కూర్చునే చోటు. ఒక విషయం మాత్రం చాలాకాలంగా గమనిస్తున్నాను. ఈ ఊళ్ళో సొంత దుకాణమో, పేరో, పెన్షనో ఉన్నవాళ్ళకి ఊరు చాలినంత ఉంటుంది. అవి లేనివాళ్ళకి ఇరుకవుతుంది. మీరు రెండోవైపు ఉన్నారు. మిమ్మల్ని ఎవరూ కావాలని అక్కడ నిలబెట్టలేదు గానీ ఉన్నారు.

ఇక మీవారి సంగతి. ఆయన మొండితనం వెనక ఒక లెక్క ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకండి. టోకు వ్యాపారంలో గోదాములో ఉన్న సరుకు కన్నా విలువైనది అరువు. ఆస్కా నుంచో ఛత్రపురం నుంచో చిల్లర వర్తకుడొచ్చి, కాగితం లేకుండా సరుకు పట్టుకెళ్ళి, పండగ దాటాక డబ్బు తెచ్చి ఇస్తున్నాడంటే అది రెండు తరాల నమ్మకం. దాన్ని లారీకెక్కించి విశాఖ తీసుకెళ్ళలేరు. నలభై దాటాక కొత్త ఊళ్ళో మొదటి మెట్టు నుంచి మొదలెట్టాలి. మీరు "వెళ్దాం" అన్న ప్రతిసారీ ఆయనకి "మీ నాన్న కట్టిన పేరు వదిలెయ్" అని వినిపిస్తూ ఉండొచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది గానీ, ఇలాంటి తెలుగు కుటుంబాలు ఉన్నచోటనే ఉన్నాయి. ఉండిపోవడం వాళ్ళకి వంశంలో వచ్చిన అలవాటు. అత్తగారి గురించి మీరు ఎక్కువ రాయలేదు. 72 ఏళ్ళ మనిషికి అరుగు లేని ఇల్లు ఎలా ఉంటుందో మాత్రం మీ లెక్కలో పెట్టుకోండి.

గిరిగారు 1894లో ఈ ఊళ్ళో పుట్టిన మాట నిజం. 1913లో న్యాయశాస్త్రం చదువుకోవడానికి ఐర్లాండ్ వెళ్ళిందీ నిజమే. ఊరి మీద గౌరవానికీ ఊరు దాటడానికీ వైరం లేదు. మీవారిని దెప్పడానికి కాదు, మీరిద్దరూ తీరిగ్గా కూర్చున్నప్పుడు చెప్పుకోవడానికి ఇది రాశాను.

విశాఖ మాటకొస్తే, మీరు తలుచుకుంటున్నది పెళ్ళికి ముందు విడిచిన విశాఖ. అమ్మ వంట చేసి పెట్టిన ఊరు. ఇప్పుడక్కడ అద్దె కట్టి, పాపని బడి బస్సెక్కించి, అత్తగారిని మూడో అంతస్తులో కూర్చోబెట్టి బతకడం ఎలా ఉంటుందో చూడకుండా నిర్ణయించుకోకండి. వచ్చే వేసవి సెలవుల్లో ఒక నెల అక్కడ చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని ఉండండి. పుట్టింట్లో వద్దు, చుట్టపు మర్యాదలో ఊరి అసలు రంగు కనబడదు. మీవారు కనీసం పది రోజులు వచ్చి ఉండాలి. దుకాణం ఎవరికి అప్పగించాలో ఇప్పటి నుంచే చూసుకోమనండి.

పాప చదువు విషయంలో తొందర లేదు, ఇది కొంచెం వివరంగా చెబుతాను. ఆంధ్రలో వృత్తి విద్యా కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. ఇంటర్ రెండో ఏడుతో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివితే స్థానికురాలవుతుంది. అంటే తొమ్మిదో తరగతికి అక్కడ చేరినా సరిపోతుంది. పాప ఇప్పుడు నాలుగులో ఉంది. మీ చేతిలో నాలుగేళ్ళ పైనే ఉన్నాయి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ వేళకి ఒకసారి సరిచూసుకోండి. పదోతరగతి అయ్యాక హడావిడిగా మారినవాళ్ళు ఇక్కడా అక్కడా కాకుండా పోవడం చూశాను, ఆ పని మాత్రం చెయ్యకండి. తెలుగు చదవడం రాకపోవడానికి ఊరు మారక్కర్లేదు. గుణింతాలు మీరే నేర్పండి, రాత్రి అన్నాలయ్యాక ఇరవై నిమిషాలు చాలు. గుండ్రటి ఒడియా అక్షరాలు రాసే చేతికి మన అక్షరాలు తొందరగానే వస్తాయి. అత్తగారి చేత వడియాల కొలతలు చెప్పించి పాపతో తెలుగులో రాయించండి. వాళ్ళిద్దరికీ ఒక పని అవుతుంది.

వీటన్నిటికన్నా ముందు జరగాల్సినవి రెండున్నాయి.

మీకు పని కావాలి. దుకాణం లెక్కలు చూడమని మీవారు అనొచ్చు, వద్దనండి. అక్కడ కూర్చున్నా మీరు మళ్ళీ కోడలే. 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి పెద్దబజారులో చిన్న వర్తకులకి బిల్లులూ రిటర్నులూ తలనొప్పి. మీకు అకౌంట్స్ వచ్చు. కొత్త పద్ధతి రెండు నెలలు నేర్చుకుని, మీ పేరు మీద, మీ ఖాతాలో డబ్బు పడేలా నాలుగు దుకాణాలతో మొదలుపెట్టండి. "లెక్కలు చూసే ఆవిడ" అని ఊరు మిమ్మల్ని పిలవడం మొదలయ్యాక, ఉందామన్నా వెళ్దామన్నా మీ మాటకి బరువుంటుంది. విశాఖ వెళ్ళినా ఆ పని మీతోనే వస్తుంది.

రెండోది ఆ ఎనిమిది వారాలు. కడుపు పోయింది ఆర్నెల్ల కిందట. మీరిద్దరూ సరిగ్గా మాట్లాడుకోనిదీ ఆర్నెల్లే. ఇదంతా ఊరి గొడవేనని మీరనుకుంటున్నారు, నాకలా అనిపించడం లేదు. పోయిన బిడ్డ గురించి మీరు వీధి అంతటికీ జవాబు చెప్పారు. ఇంట్లో ఎవరూ మిమ్మల్ని అడగలేదు. షాపాయన చేసింది తప్పు. సంతోషంతో చేసినా తప్పే. మీ ఒంటి సంగతి చెప్పుకునే హక్కు మీది. మీవారు ఆయన దగ్గరికెళ్ళి, గొంతు పెంచకుండా, "బాబాయ్, మా ఆవిడ ఏం కొన్నా ఇంటికి ఫోన్ చెయ్యకండి" అని ఒక్క మాట చెప్పాలి. మీరు కాదు, ఆయనే చెప్పాలి. ఈ జవాబు ఆయన చేత చదివించండి. ఆయనకీ ఆ బిడ్డ మీద దిగులుండి ఉంటుంది, దాన్ని "సంతోషం పట్టలేక" అనే మాట కింద దాచుకుని ఉండొచ్చు. రాత్రుళ్ళు నిద్రపట్టక, ఏడుపు ఆగక ఇబ్బందిగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో కూడా మాట్లాడతారు. లేదా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎవరైనా చూస్తారేమోనని ఆగకండి.

ఈ ఆదివారం పాపని అత్తగారి దగ్గర ఉంచి, పొద్దున్నే ఇద్దరూ గోపాల్‌పూర్ వెళ్ళండి. ఎండ ఎక్కకముందు ఆ ఒడ్డున గంటసేపు నడిచినా పలకరించేవాళ్ళు ఎదురుపడరు. ఆ ఎనిమిది వారాల గురించి అక్కడ మాట్లాడుకోండి. కాగితం ఇంట్లోనే ఉంచండి.