కొత్త ఫోన్‌లోకి అన్నీ వస్తాయి, బ్యాంకు తప్ప

తమ్ముడూ, నువ్వు అడిగింది ఒక్క ముక్క. వచ్చే నెల శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కుతున్నావు, డాలస్‌లో దిగాక ఐఫోన్ కొంటావు, ఇక్కడి ఆండ్రాయిడ్‌లో ఉన్నవన్నీ అందులోకి ఎలా వస్తాయని. ఫోటోలు, కాంటాక్టులు వస్తాయి, దానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. నా భయమల్లా నీ డబ్బు గురించే. నేను ఇప్పటికీ ఫోన్ మార్చిన ప్రతిసారీ ముందు చూసేది బ్యాంకు యాప్ తెరుచుకుందా లేదా అని.

ఎందుకో చెప్తా విను. 2015లో అమెరికా వెళ్ళాను, 2017లో ఉద్యోగం వచ్చింది, రెండో జీతంతో ఐఫోన్ కొన్నాను. ఆండ్రాయిడ్‌లో ఉన్నవి ఐఫోన్‌లోకి పంపే 'మూవ్ టు ఐఓఎస్' యాప్ పెట్టి రెండు ఫోన్లనూ పక్కపక్కన పడుకోబెట్టాను, ఎంత అయిందో చూపించే గీత నిండింది, ఫోటోలొచ్చాయి. ఇంకేముంది, పనైపోయిందనుకుని ఆ సాయంత్రమే పాత ఫోన్ రీసెట్ చేసి రూమ్మేట్‌కి అరవై డాలర్లకు అమ్మేశా. అప్పటి లెక్కలో నాలుగు వేలకు కాస్త తక్కువ. మహా లాభం చేశాననుకున్నా!

పొద్దున్నే వాట్సాప్ తెరిస్తే ఖాళీ. ఆండ్రాయిడ్ చాట్‌లను ఐఫోన్‌లోకి తెచ్చుకునే దారి వాట్సాప్ వాళ్ళు ఇచ్చిందే 2022లో. అమ్మ రెండేళ్ళపాటు పంపిన వాయిస్ మెసేజీలన్నీ అలా పోయాయి. సరే, అది వేరే బాధ.

అసలు దెబ్బ అయిదో తారీఖున పడింది. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ కట్టాలి. పాత ఫోన్‌లో బ్యాంకు యాప్ ఎప్పుడో రిజిస్టర్ అయి ఉంది కాబట్టి పిన్ కొడితే చాలు, డబ్బు వెళ్ళిపోయేది. కొత్త ఫోన్‌లో యాప్ బొమ్మ అయితే వచ్చింది గానీ మళ్ళీ మొదటినుంచీ రిజిస్టర్ చెయ్యమంది, ఓటీపీ హైదరాబాద్ నంబర్‌కి పంపానంది. ఆ సిమ్ నా పాస్‌పోర్టు కవర్ లోపల టేపు వేసి భద్రంగా ఉంది, అంత జాగ్రత్త మరి! రీఛార్జి మాత్రం దండగని ఎన్నో నెలల క్రితమే మానేశాను. నా నంబర్‌కి నేనే ఫోన్ చేస్తే అత్తాపూర్ నుంచి ఎవరో పెద్దాయన ఎత్తి, "ఈ బ్యాంకు మెసేజీలు మీవేనా బాబూ, రోజూ వస్తున్నాయి" అన్నారు. నా లోన్ బాకీ ఎంతో ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

అమ్మ మే నెల ఎండలో చిక్కడపల్లి నుంచి ఆటో కట్టించుకుని బ్రాంచికి మూడుసార్లు తిరిగింది. నంబర్ మార్చాలంటే ఫారం, నా సంతకం, ఆ సంతకం కలవలేదని ఇంకో ఫారం. రెండు ఈఎంఐలు తప్పాయి, పెనాల్టీ పడింది, అప్పులు సరిగ్గా కడుతున్నామో లేదో చెప్పే సిబిల్ స్కోరు దిగింది. అరవై డాలర్ల లాభం ఎక్కడికి పోయిందో చూశావుగా. అయినా ఎవరినీ పైసా అడక్కుండా గట్టెక్కాననుకో.

కాబట్టి నువ్వు పాత ఫోన్ అమ్మెయ్యకు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 మోడల్ నుంచీ సిమ్ పెట్టే సందే లేదు, ఫోన్‌లోనే ఉండే ఈ-సిమ్ ఒక్కటే. నీ హైదరాబాద్ సిమ్ అందులో దూరదు. యూపీఐ రిజిస్టర్ కావాలన్నా ఆ సిమ్ నుంచే, ఆ ఫోన్ నుంచే ఎస్ఎమ్ఎస్ వెళ్ళాలి. సిమ్‌ని పాత ఫోన్‌లోనే ఉంచు, ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడ ఉండగానే ఆన్ చేయించుకో, రీఛార్జి మీ నాన్నగారికి అప్పగించు. నంబర్ ఎన్నాళ్ళకు పోతుంది, సేవింగ్స్ అకౌంట్‌ని ఎన్నారైలది ఎప్పుడు చేసుకోవాలి లాంటివి ఆయా సైట్లలో ఉంటాయి, చదువుకున్నవాడివి, చూసుకో.

వాట్సాప్ సంగతి. కొత్త ఐఫోన్ మొదటిసారి సెటప్ అవుతున్నప్పుడే తెచ్చుకోవాలి, కంగారుపడి ముందే సెటప్ ముగించేశావంటే మళ్ళీ మొత్తం చెరిపి మొదలెట్టాలి. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉందిలే అనుకోకు, ఐఫోన్ దాన్ని తీసుకోదు. రెండు ఫోన్లనూ ఛార్జింగ్‌లో పెట్టు, మూవ్ టు ఐఓఎస్‌లో వాట్సాప్‌కి టిక్ పెట్టు, అయ్యేదాకా వాటి జోలికి వెళ్ళకు. యూనివర్సిటీ లాగిన్‌కి అథెంటికేటర్ (లాగిన్ అయ్యేది నువ్వేనని తేల్చే యాప్) వాడుతుంటే అది కొత్త దాంట్లో పనిచేస్తోందో లేదో ఒకసారి చూసుకో. ఐక్లౌడ్‌లో, అంటే ఆపిల్ వాళ్ళ ఆన్‌లైన్ స్టోరేజీలో, 5 జీబీ ఫ్రీగా ఇస్తారు, అది నిండగానే నెలనెలా డాలరు కట్టమని వెంటపడతారు. ఫోటోలు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుంటే సరిపోయే దానికి డాలరెందుకు, ఏడాదికి ఎంతవుతుందో రూపాయల్లో వేసి చూడు.

పాత ఫోన్‌కి అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఎంతొస్తుందని కూడా అడిగావు. ఆ మాటే ఎత్తకు. ఆ ఫోను, దాని ఛార్జరు, అక్కడి ప్లగ్గుకి సరిపడే అడాప్టరు హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకో, పచ్చళ్ళతో కలిపి పెద్ద సూట్‌కేసులో వెయ్యకు.