పాప పదేళ్లకే పెద్దమనిషి అయింది.. క్యాన్సర్ భయం ఉందా?

ప్రశ్న: మాది హన్మకొండ. మా పాప పదేళ్లకే పెద్దమనిషి అయింది. పీరియడ్స్ తొందరగా మొదలైతే రొమ్ము క్యాన్సర్ వస్తుందని చదివాను. మా అక్కకు 44 ఏళ్లకు వచ్చింది. బ్రాయిలర్ చికెన్ వల్లే ఇదంతా అంటున్నారు. పాపకు టెస్టులు చేయించాలా? నా వయసు 38.

జవాబు: అమ్మా, పదేళ్లకు పెద్దమనిషి కావడం కాస్త తొందరే గానీ జబ్బు కాదు. ఎనిమిదేళ్లు నిండకముందే రొమ్ములు పెరుగుతుంటే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించాలి.

మీరు చదివిందాంట్లో నిజముంది. 117 అధ్యయనాలను కలిపి 2012లో లెక్క తీశారు. పీరియడ్స్ ఒక్కో ఏడాది ముందుగా మొదలైతే ముప్పు సుమారు 5 శాతం పెరుగుతుందని తేలింది. అంటే నూటికి అయిదుగురికి కొత్తగా వస్తుందని కాదు. వెయ్యి మందిలో 40 మందికి వచ్చేదనుకుంటే, అది 42 అవుతుంది. అంతే. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ప్రభావం ఎక్కువేళ్లు ఉండడమే దీనికి ముఖ్య కారణం.

ఎదిగే వయసులో రొమ్ము కణాలు చాలా సున్నితం. హిరోషిమా, నాగసాకి బాంబుల రేడియేషన్ సోకినవాళ్లలో, అప్పటికి ఇరవై ఏళ్లలోపున్న ఆడపిల్లలకే తర్వాత రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువగా కనిపించింది. అందుకే పాపకు మమోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) వద్దు, అవసరం లేకుండా ఛాతీ సీటీ స్కాన్ కూడా వద్దు. ఇంకో మాట. తొమ్మిది, పదేళ్ల పిల్లలకు చనుమొన కింద, ఒక్కోసారి ఒకవైపే, రేగుపండంత గట్టి బిళ్ల తగులుతుంది. గడ్డ అనుకుని తల్లులు హడలిపోతారు. అది మొలకెత్తుతున్న రొమ్ము. దాన్ని కోసి తీయించారంటే ఇక ఆ వైపు రొమ్ము పెరగదు.

చికెన్ మీద అనుమానం వదిలేయండి. బ్రాయిలర్ కోడి తొందరగా పెరిగేది జాతి వల్ల, దాణా వల్ల. పెద్దమనిషి అయిందని కుడుకలు, బెల్లం, నువ్వులు పెడతారు, పెట్టండి. కానీ అదే సాకుతో ఆటలు మాన్పించకండి. పాప రోజూ గంటసేపు చెమట పట్టేలా ఆడాలి.

నిజానికి నా టెన్షన్ మీ గురించి. తోడబుట్టిన అక్కకు 44కే వచ్చిందంటే ముందు చూపించుకోవాల్సింది మీరు. పాప టెస్టుల కోసం దాచిన డబ్బుతో ఈ నెలలోనే మీరు సర్జన్ దగ్గరికి వెళ్లండి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి అయినా సరే. మమోగ్రామ్ ఎప్పటి నుంచి, జన్యు పరీక్ష అక్కకు ముందు చేయాలా అన్నది వాళ్లు చెబుతారు. వెళ్లేటప్పుడు అక్క బయాప్సీ రిపోర్టు జిరాక్స్ తీసుకెళ్లండి.