తోలు సీట్లకు నూనె కంటే ముందు శుభ్రత

లేత గోధుమ రంగు తోలు సీట్లున్న పాత కారు కొన్నానని, డ్రైవరు సీటు నల్లబడి నూనె పట్టించినట్టు మెరుస్తోందని, తల ఆనే చోట జిడ్డు మరక ఉందని రాశారు. ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చా, తోలు మెత్తబడటానికి కొబ్బరి నూనె రాయమంటున్నారు, రాయవచ్చా అని మీ ప్రశ్న. నిశ్చింతగా శుభ్రం చేసుకోవచ్చు. కొబ్బరి నూనె మాత్రం దయచేసి రాయకండి. 2016లో నేను కొన్న కారుకూ అచ్చం ఇలాంటి సీట్లే. మాది విజయవాడ, కారు రోజంతా ఎండలోనే ఉంటుంది. ఆ సీట్లతో ఇన్నేళ్లలో నేర్చుకున్నదంతా చెబుతాను.

నూనె సంగతితోనే మొదలుపెడతాను. కారు కొన్న మొదటి వేసవిలో సీటు అంచులు బిరుసెక్కినట్టు అనిపించి మా పెదనాన్నగారికి చెప్పాను. ఆయన వయసులో ఉన్నప్పుడు మోట తోలిన మనిషి, అంటే ఎద్దులతో బావి నీళ్లు తోడినవారు. మోటకు కట్టే తోలు తొండం ఎండకు పగలకుండా ఆముదం పట్టించేవారట. "నూనె తగలని తోలు నిలవదురా" అన్నారు. ఇంట్లో కొబ్బరి నూనె ఉంటే దూదితో ముందు సీట్లు రెండింటికీ రాశాను. ఆ రోజు సాయంత్రం సీట్లు చూడముచ్చటగా ఉన్నాయి. నాలుగు రోజులకు దుమ్మంతా వాటి మీదే పేరుకుంది. వారానికి మా బావగారి తెల్లచొక్కా వీపున మరక పడింది. డిసెంబరు వచ్చాక ఒక ఉదయం తలుపు తీస్తే, సీటు కుట్ల వెంట ప్రతి సూది రంధ్రంలోనూ తెల్లటి చుక్క కనిపించింది. బూజేమో అనుకుని గోటితో గీకితే మైనంలా వచ్చింది. వేలి మీద పెట్టుకోగానే కరిగింది. అది నేను రాసిన కొబ్బరి నూనే! దాదాపు 24 డిగ్రీల కంటే చల్లబడితే కొబ్బరి నూనె గడ్డకడుతుంది కదా. అంటే అన్ని నెలలూ అది తోలులోకి ఇంకలేదు. పైన ఉన్నది దుమ్మును పట్టుకుంది, మిగిలింది కుట్ల రంధ్రాల్లోంచి లోపలి స్పాంజిలోకి దిగింది. ఆ ముక్కవాసన పోవడానికి మరుసటి వేసవి దాకా పట్టింది.

పెదనాన్నగారు చెప్పింది తప్పు కాదు. ఆయనకు తెలిసిన తోలు వేరు. తంగేడు చెక్క, కరక్కాయల రసంలో నానబెట్టి పదును చేసిన తోలు అది. పైన ఏ పూతా ఉండదు కాబట్టి నూనెను పీల్చుకుంటుంది, మెత్తబడుతుంది. నేటి కార్ల సీట్ల తోలును ఎక్కువగా క్రోమియం లవణాలతోనో, ఇతర రసాయనాలతోనో పదును చేస్తారు. దాని మీద రంగు వేసి, ఆ రంగు మీద పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పూత వేస్తారు. మనం తాకేది, కూర్చునేది, తుడిచేది ఆ పూతనే. ఇది మనసులో పెట్టుకుంటే మిగతా నిర్ణయాలన్నీ తేలిక. నూనె ఆ పూతను దాటి వెళ్లలేదు. చెమట, జిడ్డు, ఇసుక రేణువులు మాత్రం ఆ పూతను రోజూ కొద్దికొద్దిగా అరగదీస్తూనే ఉంటాయి. అందుకే నా దృష్టిలో తోలు సీటుకు మనం చేయగల అసలు సేవ మురికి తీయడం. తోలు మీద రాసే క్రీములాంటి మందు, కండిషనర్, దాని తరువాతి మాట.

మీ సీట్లకు పూత ఉందో లేదో ముందు చూసుకోండి. ఎవరికీ కనిపించని చోట ఒక నీటి చుక్క వేసి రెండు నిమిషాలు ఆగండి. చుక్క ముత్యంలా నిలిస్తే పూత ఉన్నట్టు. ఇంకిపోయి ఆ చోటు నల్లబడితే పూత లేని తోలు. అలాంటిది చాలా ఖరీదైన కార్లలోనే కనిపిస్తుంది, దాని జోలికి ఇంట్లో వెళ్లకపోవడమే మంచిది. అలాగే, 'లెదర్ సీట్లు' అని చెప్పి అమ్మే కార్లలో కూర్చునే భాగం మాత్రమే తోలై, పక్కలు, వెనక వైపు రెక్సిన్ ఉండటం మామూలే. విడి భాగాల దుకాణంలో వేయించుకున్న కవర్లయితే చాలావరకు పూర్తిగా రెక్సినే. సీటు కింద అంచు ఎక్కడైనా కనిపిస్తే వెనక్కి తిప్పి చూడండి. గుడ్డలాంటి నేత ఉంటే రెక్సిన్, నూగులాంటి పీచు ఉంటే తోలు. రెక్సిన్‌నూ ఇదే పద్ధతిలో శుభ్రం చేయవచ్చు, తోలు కండిషనర్ మాత్రం దానికి దండగ.

ఇంకో మాట. మీ డ్రైవరు సీటు మెరుస్తోందన్నారు. కొత్తగా ఉన్నప్పుడు కారు తోలుకు ఆ మెరుపు ఉండదు, చూడటానికి కాస్త మసకగా ఉంటుంది. ఆ మెరుపు శరీరపు జిడ్డు, దాని మీద చేరిన మురికి. పోగొట్టుకోవాల్సింది దాన్నే.

నేను చేసే పద్ధతి ఇది. ఉదయం పూట, నీడలో, నాలుగు తలుపులూ తీసి పెడతాను. ఎండలో వేడెక్కిన సీటు మీద చేస్తే శుభ్రం చేసే మందు పని చేయకముందే ఆరిపోయి మరకలు కడుతుంది. మొదట వాక్యూమ్ క్లీనర్‌తో సీటు మీది దుమ్ము, ముఖ్యంగా వీపు భాగం, కూర్చునే భాగం కలిసే మడతలోని ఇసుక మొత్తం లాగేస్తాను. ఈ పని వదిలేసి తడిగుడ్డతో రుద్దితే ఆ ఇసుకతోనే సీటును గరుకు కాగితం పెట్టి రుద్దినట్టవుతుంది. మందు విషయానికొస్తే, పూత ఉన్న కారు తోలుకోసమే తయారైన, పీహెచ్ తటస్థంగా ఉన్న (అంటే ఆమ్ల గుణం గానీ, క్షార గుణం గానీ లేని) లెదర్ క్లీనర్ కొనుక్కోండి. నాకు 250 మిల్లీలీటర్ల సీసా ఏడాదికి పైగా వస్తోంది. అది చేతికి వచ్చేలోపు అర లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా పసిపిల్లల షాంపూ కలిపి వాడినా చాలు. ఏదైనా సరే, సీటు అడుగున ఒక మూల రుద్ది, తెల్లగుడ్డకు సీటు రంగు అంటుతోందేమో చూశాకే మొదలుపెట్టండి.

మందును సీటు మీద కొట్టకూడదు, బ్రష్ మీద కొట్టాలి. ఇది చిన్న తేడాగా కనిపిస్తుంది గానీ సీటు లోపల వైర్లుంటాయి, కొన్ని కార్లలో మనిషి కూర్చున్నట్టు గుర్తించే సెన్సర్లు, సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటాయి. సన్నని చిల్లులున్న సీట్లయితే తడి నేరుగా స్పాంజిలోకి దిగి వాసన పడుతుంది. గడ్డం గీసుకునేటప్పుడు నురగ రాసుకునే బ్రష్ లాంటి మెత్తని కుచ్చు దీనికి సరిగ్గా సరిపోతుంది. కుట్ల వెంట మాత్రం మెత్తని టూత్‌బ్రష్. ఒకేసారి సీటంతా చేయకుండా, రెండు అరచేతులంత చోటు తీసుకుని గుండ్రంగా, బలం పెట్టకుండా తిప్పండి. పావు నిమిషంలో తెల్లని నురగ పలచని టీ రంగులోకి మారుతుంది. అది ఆరేలోపు తడిపి బాగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో ఎత్తేయాలి. ఆలస్యం చేస్తే లేచిన మురికి మళ్లీ తోలు గీతల్లోకే వెళ్లి కూర్చుంటుంది. గుడ్డ మురికైన వైపు మడిచి శుభ్రమైన వైపు వాడండి, చివర పొడిగుడ్డతో ఒత్తండి. మొదటిసారి నా డ్రైవరు సీటు ఒక్కదానికే ఐదు గుడ్డలు పట్టాయి. మూడో విడతలో తోలు మీది సన్నని గీతలు, ముడతల అల్లిక పైకి తేలాయి. అప్పటిదాకా ఆ సీటుకు అలాంటి అల్లిక ఉందనే నాకు తెలియదు! మురికి ఒక పట్టాన రాకపోతే మూడుసార్లు మెల్లగా చేయండి గానీ ఒకసారి గట్టిగా రుద్దకండి.

సబ్బు జోలికి మాత్రం వెళ్లకండి. ఎందుకో చెబుతాను. ఒకసారి మా అమ్మ పేరంటం నుంచి వస్తూ వెనక సీటు మీద పసుపు పొట్లం పెట్టింది. అది విప్పుకుని, తడి చేయి తగిలి పసుపు సీటుకు అంటింది. కంగారులో బట్టల సబ్బు తెచ్చి రుద్దాను. పసుపు మరక కాస్తా చూస్తుండగానే ఎర్రబడింది. "పారాణిలా అయిందే" అంది అమ్మ. సరిగ్గా అదే జరిగింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటానికి కారణం సున్నంలోని క్షారం. సబ్బులోనూ క్షారం ఉంటుంది. తోలు సహజంగా కొంచెం ఆమ్ల గుణం ఉన్నది కాబట్టి, పూత పగిలిన చోట, కుట్ల దగ్గర ఈ క్షారం దానికి పడదు. గిన్నెల సబ్బు నీళ్లు, వంటసోడా కూడా నేను అందుకే వాడను. ఆ మరకను మళ్లీ షాంపూ నీళ్లతో తుడిచి, సీటుకు ఆ వైపు ఎండ తగిలేలా వారం పదిరోజులు కారు నిలిపాను. పసుపు రంగు వెలుగుకు నిలవదు, మెల్లగా వెలిసిపోయింది. తోలు సీటుకు ఎండ మేలు చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇక కండిషనర్. సీట్లు నీడలో గంటసేపు ఆరాక, వేరుశనగ గింజంత కండిషనర్ గుడ్డ మీద వేసుకుని ఒక్కో భాగానికి పలచగా రాయండి. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి, పొడిగుడ్డతో మిగిలినదంతా తుడిచేయండి. వేలు పెడితే జారకూడదు, అంటుకోకూడదు, మెరవకూడదు. మెరిసిందంటే ఎక్కువైనట్టే. 'తోలుకు పోషణ' అని సీసా మీద రాసినదంతా నేను నమ్మను. పూత ఉన్న తోలులోకి అది పెద్దగా వెళ్లదు. పైపూత ఎండిపోయినట్టు కాకుండా చూడటం, గుడ్డ రాపిడిని కొంచెం తగ్గించడం, అంతవరకే దాని పని. కొత్త జీన్స్ ప్యాంటు నీలి రంగు అంటకుండా ఉండాలంటే విడిగా దొరికే లెదర్ ప్రొటెక్టర్ మేలు. మన ఎండలకు నేను మూడు నెలలకొకసారి పూర్తిగా శుభ్రం చేసి కండిషనర్ రాస్తాను, పదిహేను రోజులకొకసారి పిండిన తడిగుడ్డతో తుడుస్తాను. ముందు అద్దానికి ఎండ తెర పెట్టడం మాత్రం ఒక్కరోజు కూడా మానను. నిజానికి కండిషనర్ కంటే ఆ తెరే నా సీట్లను ఎక్కువ కాపాడిందని నా నమ్మకం.

కార్లు కడిగే చోట "సీట్లకు పాలిష్ కొట్టమంటారా" అని అడుగుతారు. వద్దనండి. మా వీధి చివర ఒకచోట నేను చూడకుండా కొట్టేశారు. అది సిలికాన్ కలిసిన మెరుపు మందు. బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జారిపోతుంటే భయమేసింది. స్టీరింగ్‌కు, పెడల్స్‌కు అలాంటిది తగిలితే ప్రమాదం. థిన్నర్, పెట్రోలు, గోళ్లరంగు తుడిచే ద్రవం సీటు దరిదాపులకు రానివ్వకండి, రంగుతో సహా పూత ఊడి వస్తుంది. 2020లో రోజూ స్టీరింగ్ మీద శానిటైజర్ చల్లేవాడిని. కొన్ని నెలలకు నా చేతులు పట్టుకునే చోట పూత మెత్తబడి జిగటగా తయారైంది, చివరికి తోలు మార్పించాల్సి వచ్చింది. మరకలు తీసే తెల్ల స్పాంజి అని అమ్మే మెలమైన్ ముక్క కూడా నిజానికి సన్నని గరుకు కాగితమే. అది మరకతోపాటు పూతనూ గీకుతుంది.

డ్రైవరు దిగే వైపు అంచున సన్నని గీతలు ఉంటే, శుభ్రం చేశాక ఒకసారి వెలుతురులో చూడండి. మురికి చేరిన ముడతలైతే లేతబడి కనిపించకుండా పోతాయి. పూత నిజంగా పగిలి ఉంటే గోరు ఆగుతుంది. అలాంటి పగుళ్లను ఏ కండిషనరూ, ఏ నూనే అతకదు. తోలు పని తెలిసినవారు సందుల్లో పూరకం పెట్టి, రంగు కలిపి, పైన పూత వేస్తారు. నేను ఆ ఒక్క అంచుకు అలాగే చేయించాను, ఇప్పటికీ నిలిచి ఉంది. అక్కడికి వెళ్లేలోపు సిలికాన్ గానీ, నూనె గానీ రాయకండి. రాస్తే రంగు పట్టదు.

తల ఆనే చోట జిడ్డు మా ఇంట్లోనూ ఉండేది, అమ్మ తలకు నూనె లేకుండా బయటకు రాదు. అందుకే మీరు మొదటి ప్రయత్నం అక్కడే చేయమంటాను. చాలా కార్లలో తల ఆనే ఆ దిండు (హెడ్‌రెస్ట్) కింద ఉన్న మీట నొక్కి పైకి లాగితే ఊడి వస్తుంది. ఇంట్లోకి తెచ్చుకుని, ముందు పొడి గుడ్డతో పైజిడ్డు ఒత్తి తీసి, తరువాత పైన చెప్పినట్టు నురగతో రెండు మూడు విడతలు చేయండి. ఫ్యాను కింద ఆరనిచ్చి, దాన్ని తిరిగి పెట్టి పక్క సీటుతో పోల్చి చూడండి. మిగతా సీట్లకు ఎన్ని విడతలు పడతాయో మీకే తెలిసిపోతుంది.