రెయిన్‌బో థియేటర్ రాత్రి: అభిమానుల జ్ఞాపకం, టేపు చెప్పే సాక్ష్యం

ప్రశ్న: న్యూయార్క్ పంక్ రాక్ బృందం రామోన్స్ కచేరీలో రికార్డు చేసిన 'ఇట్స్ అలైవ్' ఆల్బమ్‌ను ఇటీవలే విన్నాను. ప్రేక్షకులు కుర్చీలు పెకలించి వేదిక మీదికి విసిరారని ఆ కచేరి గురించి అభిమానులు చెప్పుకుంటారు. రికార్డులో ఆ అలజడి ఎక్కడా వినిపించదు. ఇన్నేళ్ల నాటి జ్ఞాపకాన్ని నమ్మాలా, టేపును నమ్మాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఈ విషయంలో రెండింటినీ నమ్మవచ్చు. అది 1977 డిసెంబరు 31 రాత్రి లండన్‌లో, ఫిన్స్‌బరీ పార్క్‌లోని రెయిన్‌బో థియేటర్‌లో జరిగిన కచేరి. ఆ బృందపు బ్రిటన్ పర్యటనలో నాలుగు కచేరీలను రికార్డు చేశారు. వాటిలో దీన్నే ఆల్బమ్‌కు ఎంచుకోవడానికి, ప్రేక్షకులు పది వరుసల కుర్చీలను వేదిక వైపు విసిరిన రాత్రి కావడం ఒక కారణమని చెబుతారు. అయితే కుర్చీలు ఎగిరింది కచేరి ముగిశాక. ఆల్బమ్ పాటలతోనే ముగిసిపోతుంది. పైగా ఇటువంటి రికార్డింగుల్లో మైకులు ప్రధానంగా గాయకుడి ముందు, డ్రమ్స్ దగ్గర, గిటార్ యాంప్లిఫయర్ల దగ్గర ఉంటాయి కాబట్టి, హాలు వెనుక వరుసల్లో జరిగినదానికి టేపు మంచి సాక్షి కాలేదు.

మీ ప్రశ్నలో నాకు ముఖ్యంగా తోచిన అంశం మరొకటి ఉంది. పెళ్లి వీడియోను పదేపదే చూసినవారికి పెళ్లికన్నా వీడియోయే బాగా గుర్తుండిపోయినట్టు, ఈ ఆల్బమ్‌ను ఏళ్ల తరబడి విన్న అభిమానికి తాను ఆ రాత్రి విన్నదేదో, తరువాత ఇంట్లో విన్నదేదో విడదీసుకోవడం కష్టమవుతుంది. పాటల వరుసను తు.చ. తప్పకుండా అప్పజెప్పే జ్ఞాపకాన్ని అందుకే నేను కొంచెం జాగ్రత్తగా తీసుకుంటాను. రికార్డులో లేనిదాన్ని చెప్పే జ్ఞాపకానికి ఎక్కువ విలువ ఇస్తాను. ఆ రాత్రి రామోన్స్ కంటే ముందు రెజిలోస్, జనరేషన్ ఎక్స్ బృందాలు వాయించాయి. వాటి పాట ఒక్కటైనా ఈ ఆల్బమ్‌లో లేదు. కాబట్టి ఆ బృందాల గురించి, బయట నిలబడిన వరుస గురించి, పక్కన నిలబడినవారి గురించి ఎవరైనా చెబితే, ఆ మాట ఈ రికార్డు నుంచి వచ్చింది కాదని తెలుస్తుంది. అటువంటి మాటలను శ్రద్ధగా సేకరించి దాచుకోవాలి, ఎందుకంటే ఆ రాత్రి వాయించిన గాయకుడు జోయీ, బేస్ గిటారిస్టు డీడీ, గిటారిస్టు జానీ, డ్రమ్మర్ టామీ నలుగురూ 2001కీ 2014కీ మధ్య ఒకరి తరువాత ఒకరు కన్నుమూశారు. వేదిక మీది నుంచి ఆ రాత్రిని చెప్పగల రామోన్స్ సభ్యుడు ఒక్కరూ మిగలలేదు.

టేపు మాత్రమే చెప్పగలిగేవీ ఉన్నాయి. ఒక పాటకు ముందు జోయీ తాను తిన్న చికెన్ విందాలూను తలచుకుని, 'నా ఒంట్లో బాగవ్వాలి' అన్న అర్థం వచ్చే పాటను ప్రకటిస్తాడు. గోవా వంటకం లండన్‌లోని భారతీయ హోటళ్ల ద్వారా న్యూయార్క్ పంక్ బృందపు రికార్డులోకి చేరిన ఆ క్షణం మన పాఠకులకు ప్రత్యేకంగా నచ్చుతుందని నా నమ్మకం.

ప్రశ్న: ఆల్బమ్‌లో పాటలు స్టూడియో రికార్డుల కంటే వేగంగా ఉన్నాయి. టేపు వేగాన్ని పెంచారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: టేపును అనుమానించనక్కరలేదు, ఆ వేగం వారి చేతులదే. 28 పాటలు సుమారు 54 నిమిషాల్లో ముగుస్తాయి, అంటే ఒక్కో పాటకు రెండు నిమిషాలైనా పట్టదు. అవన్నీ అప్పటికి వెలువడిన మూడు ఆల్బమ్‌లలోనివే. వాటిలో చాలావరకు వేదికల మీద అరిగిన పాటలు కాబట్టి చేతులు వాటంతట అవే పరుగెత్తేవి. జానీ గిటార్ తీగలను పైనుంచి కిందికి మాత్రమే మీటేవాడు. సాధారణంగా గిటారిస్టులు రెండు వైపులా మీటుతారు. ఒకే వైపు, ఆ వేగంలో, గంటసేపు మీటడానికి మణికట్టుకు ఎంత సత్తువ కావాలో వాయించేవారిని అడిగితే చెబుతారు. ఆ ఒకే వైపు మీటు వల్లనే ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుతుంది. చప్పట్లు ఆగకముందే డీడీ 'వన్, టూ, త్రీ, ఫోర్' అని అరిచి తరువాతి పాటను మొదలుపెడతాడు. శ్వాస తీసుకోవడానికి కూడా వ్యవధి లేదని అభిమానులు చెప్పేది అతిశయోక్తి కాదు. ఆ రాత్రి డ్రమ్స్ వాయించిన టామీయే సౌండ్ ఇంజినీర్ ఎడ్ స్టేసియంతో కలిసి ఈ ఆల్బమ్‌కు నిర్మాతగా వ్యవహరించాడు. 1979లో అది వెలువడేనాటికి అతను డ్రమ్మర్ స్థానాన్ని వదిలేశాడు. తన చివరి రోజుల వాయింపును తానే శ్రద్ధగా తీర్చిదిద్దుకున్నాడన్న సంగతి మనసులో పెట్టుకుని వింటే, డ్రమ్స్ మరింత స్పష్టంగా వినిపిస్తాయి.

ప్రశ్న: ఆ పర్యటనలో రికార్డు చేసిన మిగతా మూడు కచేరీలు దొరుకుతాయా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: దొరుకుతాయి. బర్మింగ్‌హామ్, స్టోక్-ఆన్-ట్రెంట్, ఐల్స్‌బరీ పట్టణాల్లో వరుసగా డిసెంబరు 28, 29, 30 తేదీల్లో జరిగిన కచేరీలను, ఆల్బమ్‌కు నలభై ఏళ్లు నిండిన సందర్భంగా 2019లో విడుదల చేశారు. ముందు రెయిన్‌బో వినండి, ఆ తరువాత ఐల్స్‌బరీ వినండి. రెంటికీ మధ్య ఒక్క రోజే తేడా.