బండి సందేహాలు: సైడ్ వీల్స్ స్కూటర్ పాతది కొనేముందు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచే వచ్చాయి. అన్నీ దాదాపు ఒకే బండి గురించి: కాలు సహకరించనివాళ్ల కోసం స్కూటర్‌కి వెనక ఇరువైపులా చక్రాలు బిగించినది. లెక్కపెడితే నాలుగు చక్రాలున్నా జనం నోట అది మూడు చక్రాల బండే. మనమూ అలాగే అందాం.

ప్రశ్న: నాకు ఎడమ కాలికి పోలియో. ఉండేది పర్లాకిమిడి, ఉద్యోగం పాతపట్నంలో. రోజూ ఆటోలకి ఎదురుచూడలేక సైడ్ వీల్స్ కట్టిన 2018 యాక్టివా ఒకటి చూశాను. ఇంతవరకు ఏ బండీ నడపలేదు. ఏమేం చూసుకుని కొనాలి? (ఒక పాఠకురాలు, పర్లాకిమిడి)

స్కూటర్ సంగతి తర్వాత, ముందు కిట్టు (సైడ్ చక్రాలు, వాటిని బిగించే గొట్టాలు, బ్రాకెట్లు) చూడండమ్మా. యాక్టివా ఇంజిన్‌కి ఏమొచ్చినా బాగుచేసే మెకానిక్ ఏ ఊళ్లోనైనా దొరుకుతాడు. కిట్టు అలా కాదు. ఒక్కోటి ఒక్కో కొలతతో, ఒక్కోసారి వీధి చివరి వెల్డింగు షాపులోనే తయారై ఉంటుంది. అది వంకరపోతే దానికి సరిపడే ముక్క బజార్లో దొరకదు.

వెళ్లేటప్పుడు ఒక దినపత్రిక, టేపు, టార్చి, చిన్న జాకీ పట్టుకెళ్లండి. చదునైన సిమెంటు నేల మీద బండి పెట్టించి మీరే ఎక్కి కూర్చోండి. వెంట వచ్చినవాళ్లని పత్రికలో ఒక కాగితం తీసి వెనక మూడు చక్రాల కిందికీ ఒక్కొక్కటిగా దూర్చి చూడమనండి. ఎక్కడా దూరకూడదు. మధ్య చక్రం కింద దూరిందంటే సైడ్ చక్రాలు మరీ కిందికి బిగించారని అర్థం. ఇంజిన్ తిప్పేది మధ్య చక్రాన్నే, వెనక బ్రేకు పట్టేదీ దాన్నే. అది నేలకి గట్టిగా ఆనకపోతే బండి లాగదు, ఆగదు. సైడ్ చక్రం కింద కాగితం దూరితే ఆ పక్క స్ప్రింగు చచ్చిందో, బ్రాకెట్టు వంగిందో చూడాలి. ఖాళీ బండికి ఈ పరీక్ష చేస్తే లాభం లేదు, మీ బరువు దాని మీద ఉండాలి.

తర్వాత టార్చి వేసి కిట్టు గొట్టాలు స్కూటర్ చాసిస్‌కి కలిసే చోట్లు చూడండి. వెల్డింగు పక్కన వెంట్రుకంత తుప్పు గీత కనబడితే అది పగులు. బండంతా దుమ్ముకొట్టుకుని ఉండి, అతుకుల దగ్గర మాత్రమే కొత్త నల్లరంగు మెరుస్తుంటే గోటితో గీకి చూడండి. నట్లు లోపల నైలాన్ రింగు ఉన్నవి అయ్యుండాలి. మామూలు నట్లు మన రోడ్ల అదురుకి ఊడి వచ్చేస్తాయి.

జాకీ పెట్టి ఒక్కో సైడ్ చక్రాన్ని పైకి లేపించండి. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపితే టకటకమంటే బేరింగులు పోయాయి. అది చిన్న ఖర్చే. చక్రం తిప్పినప్పుడు అటూ ఇటూ తూలితే మాత్రం రిమ్ము గానీ ఇరుసు గానీ వంగింది, అది చిన్న ఖర్చు కాదు. మళ్లీ కిందికి దించి, రెండు సైడ్ చక్రాల మధ్య దూరం ఇరుసు ఎత్తులో ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొలవండి. తేడా 5 మిల్లీమీటర్లు దాటితే చక్రాలు సూటిగా లేవు, టైర్లు నేలని రాసుకుంటూ పోతాయి. టైరు మీద అరచెయ్యి అటూ ఇటూ నిమిరినా తెలుస్తుంది. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపం పళ్లలా తగులుతుంది.

ముందు భాగానికి వస్తే, ఈ బండి మలుపులో ఒరగదు. కాబట్టి తిప్పే భారమంతా హ్యాండిల్ మీదే పడి కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) త్వరగా అరుగుతుంది. ముందు చక్రం లేపి హ్యాండిల్‌ని మెల్లగా తిప్పండి, సరిగ్గా నడిమధ్య పట్టేసినట్టు ఆగితే కోన్ సెట్ మార్చాలి. తర్వాత వచ్చిన 6జీ మోడల్ కన్నా ముందుది గనక, ఇలాంటి 2018 బండికి ముందు సస్పెన్షన్ బాటమ్ లింక్ రకం, అంటే చక్రాన్ని కింద చిన్న లింకులు పట్టి ఉంచేది. పక్కవాటుగా పడే బరువుకి దాని బుష్‌లు కూడా వదులైపోతాయి. చక్రాన్ని పట్టుకుని పక్కలకి ఊపి చూడండి.

మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది సెల్ఫ్ స్టార్టు. యాక్టివా కిక్కు ఎడమవైపు ఉంటుంది. కిట్టు అడ్డంగా ఉంటే దాన్ని వాడనే లేరు, పైగా మీది ఎడమ కాలే. బండిని ముందే వేడి చేసి ఉంచొద్దని అమ్మేవారికి చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి, ఆ తర్వాత స్టార్ట్ చేయండి. ఆగిన చోటు నుంచి కదిలేటప్పుడు వణికితే క్లచ్, బెల్టు చూడాలి. అదనపు చక్రాల ఈడ్పు వల్ల బెల్టు మామూలు స్కూటర్‌లో కన్నా ముందే అరుగుతుంది. మార్చిన బిల్లు లేకపోతే బెల్టు, రోలర్లు మార్చాల్సినవే అనుకుని ఆ డబ్బు ధరలో తగ్గించమనండి. కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిల్ (700 మి.లీ. దాకా పడుతుంది), గేర్ ఆయిల్ (సుమారు 120 మి.లీ.) మార్పించెయ్యండి.

ఇంకో మాట. బయల్దేరే ముందు మీ ఇంటి గేటు కొలవండి. బండి ఇంటికొచ్చాక లోపల పట్టక రోడ్డు మీద వదిలేసుకున్నవాళ్లున్నారు. నేర్చుకునేటప్పుడు ఖాళీ మైదానంలో మలుపులు గంటకి 15 కిలోమీటర్లు దాటకుండా తిరగండి, ఒళ్లు మలుపు లోపలి వైపుకి వంచండి. వేగంగా తిప్పితే బండి బయటి వైపుకి తిరగబడుతుంది.

ప్రశ్న: ఇలాంటి బండే కొన్నాను. స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే ఇంజిన్ గీ పెడుతుంది, బండి కదలదు. ఎప్పుడూ ఎడమకి లాగుతుంది కూడా. (రాయగడ)

మొదటిది పైన చెప్పిన జబ్బే. సైడ్ చక్రాలు దిమ్మ మీద ఆని మధ్య చక్రం గాల్లో తిరుగుతోంది. బ్రాకెట్టుకి పొడవాటి బెజ్జాలుంటే రెండు పక్కలా ఒకే కొలతలో చక్రాలని కొద్దికొద్దిగా పైకి జరిపించండి. ప్రతిసారీ మీరు కూర్చుని కాగితం పరీక్ష చెయ్యండి. బెజ్జాలు లేకుండా ఏకంగా వెల్డు చేసిన కిట్టయితే స్ప్రింగులు మెత్తనివి వేయించాలి. అప్పటిదాకా దిమ్మల్ని ఏటవాలుగా దాటడానికి ప్రయత్నించకండి, అది బండిని పడేస్తుంది.

ఎడమకి కొంచెం లాగడం సహజం. నీళ్లు పోవడానికి రోడ్డు అంచులకి వాలుగా వేస్తారు. మామూలు స్కూటర్ ఒరిగి సర్దుకుంటుంది, ఇది సర్దుకోలేదు. చదును నేల మీద కూడా లాగితే అప్పుడు లోపం వెతకాలి. రెండు సైడ్ టైర్లలో గాలి సమానంగా ఉందా? ఐదు కిలోమీటర్లు నడిపాక ఎడమ చక్రం హబ్ కుడిదానికన్నా వేడిగా ఉందా? ఉంటే అక్కడ బేరింగు పట్టేస్తోంది.

ప్రశ్న: ఏపీ-30 నంబరు బండి కొంటున్నాను, నేనుండేది గుణుపురం. పాత నంబరుతోనే తిరగొచ్చా? (గుణుపురం)

పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి, ఇది మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. పేరు మార్పిడికి అంత గడువు లేదు. అమ్మే వ్యక్తి తన ఆర్టీవో దగ్గర ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసి ఇవ్వాలి. ఫారం 29 మీద అమ్మేవారి సంతకం, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. బండి మీద అప్పుంటే ఫారం 35, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే లేఖ కావాలి. మీ రాయగడ ఆర్టీవోలో ఫారం 27 పెట్టి, ఒడిశా పన్ను కట్టాక ఓడీ-18 నంబరు వస్తుంది. ఎన్‌ఓసీ చేతికి రాకముందు మొత్తం డబ్బు ఇవ్వకండి. బీమా మీ పేరుకి మార్చమని 14 రోజుల్లో దరఖాస్తు చెయ్యండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు.

కాగితాల్లో అందరూ వదిలేసేది ఒకటుంది. ఆర్‌సీలో ఆ బండి అడాప్టెడ్ వెహికల్ అని, పాతదైతే ఇన్‌వాలిడ్ క్యారేజ్ అని రాసి ఉండాలి. 2019 సవరణతో పేరు మారింది. మామూలు స్కూటర్ అని ఉండి చక్రాలు మాత్రం తగిలించి ఉంటే, అది ఆర్టీవో అనుమతి లేని మార్పు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పట్టుకునేది దాన్నే. లైసెన్సు కూడా ఆ తరగతికే తీసుకోవాలి. ప్రభుత్వ పథకంలో వచ్చిన బండయితే మంజూరు పత్రంలో అమ్మకూడదన్న షరతు ఉందేమో చదివాకే బేరమాడండి.

ప్రశ్న: వారానికోసారి సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లాలి. ఈ బండి పనికొస్తుందా? (పొట్టంగి)

మేమైతే వద్దంటాం. ఊళ్లో తిరగడానికి చేసిన బండి ఇది. స్కూటర్ వేగం బాగా తగ్గితే క్లచ్ వదిలేస్తుంది, ఇక ఇంజిన్ పట్టు ఉండదు, భారమంతా డ్రమ్ము బ్రేకుల మీదే. సైడ్ చక్రాలకి సాధారణంగా బ్రేకులే ఉండవు, బరువులో కొంత మాత్రం అవే మోస్తాయి. అందుకే మధ్య చక్రం త్వరగా జారుతుంది. తప్పనిసరైతే బ్రేకుని ఆపకుండా పట్టి ఉంచకండి, రెండింటినీ పట్టి వదులుతూ దిగండి. మాడు వాసన వస్తే పక్కకి ఆపి కనీసం పావుగంట చల్లారనివ్వండి. డ్రమ్ము మీద నీళ్లు పోయకండి, పగిలే ప్రమాదముంది.

ప్రశ్న: అవసరమైనప్పుడు సైడ్ చక్రాలు తీసేసి మా తమ్ముడు మామూలు స్కూటర్‌లా వాడుకోవచ్చా? (బరంపురం)

కుదరదు. ఆ బండి దివ్యాంగుల వాడకానికే రిజిస్టరైంది, చక్రాలు తీస్తే ఆర్‌సీకి బండికి పొంతన ఉండదు. పైగా చాలా కిట్లలో సెంటర్ స్టాండు తీసేస్తారు, చక్రాలు విప్పాక నిలబెట్టడానికి ఆధారమే ఉండదు.